పాప్-అప్ రూఫ్ బెడ్ పరుపు మార్చాను, ఇప్పుడు పైకప్పు సరిగ్గా మూతపడటం లేదు – సలహా కావాలి

తుంగభద్ర_గట్టు (కర్నూలు)
అందరికీ నమస్కారం. నా దగ్గర పాత టెంపో ట్రావెలర్‌ను మార్చి చేయించుకున్న క్యాంపర్ వ్యాన్ ఉంది. పైకప్పు ముందు వైపు మడత బందుల మీద నిలిచి వెనక వైపు లేస్తుంది. కప్పును లేపి పట్టుకునే రెండు గ్యాస్ స్ట్రట్‌లు (గ్యాస్ నింపిన కడ్డీలు), చుట్టూ కాన్వాసు గుడ్డ, లోపల ప్లైవుడ్ మీద పడక. మొదట వేసిన పరుపు రెండేళ్ళకే నడుము దగ్గర గుంట పడింది, పడుకుంటే చెక్క తగులుతోంది. మా ఆవిడ నాలుగైదు ట్రిప్పుల నుంచి కింద సీట్ల మీదే సర్దుకుంటోంది. ఎనిమిదేళ్ళ పాప మాత్రం పైనే పడుకుంటానంటుంది.

పోయిన నెల ఒక షాపులో నాలుగు అంగుళాల రెడీమేడ్ పరుపు తీసుకున్నా. పడుకోవడానికి చాలా బాగుంది. కానీ కప్పు దింపేటప్పుడు ఇద్దరం వేలాడితే తప్ప లాచ్‌లు పడలేదు. పడ్డాయి కదా అని బయలుదేరాం. డోన్ దాటాక ఎక్కడో ఈల వేసినట్టు గాలి చప్పుడు మొదలైంది, కిటికీ అనుకున్నా. ఆపి చూస్తే వెనక వైపు కప్పుకీ బాడీకీ మధ్య వేలు దూరేంత సందు, ఒక లాచ్ సగం ఊడి ఉంది. హైవే మీద 80లో వస్తున్నాం. చేతులు చల్లబడిపోయాయి. లగేజీ తాడుతో కప్పు మీద నుంచి కిటికీల గుండా కట్టి, 40 దాటకుండా ఇల్లు చేరాం.

పరుపు తీసి ఇంట్లో వేసేశాను. ఇప్పుడు ఏం వేయాలి? పడక సైజు 190 × 120 సెం.మీ.

సీమ_చక్రం (నంద్యాల)
అన్నా ముందు దేవుడికి దండం పెట్టుకో. ఆ లాచ్ మార్చావా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు)
రెండూ మార్చేశా తమ్ముడూ. ఒకదానికి కొక్కెం వంగిపోయింది, రెండో దానికి స్క్రూలు పట్టిన చోట ప్లై నలిగింది, అక్కడ వెనక ఇనుప పట్టీ వేసి బోల్టులు బిగించారు. చుట్టూ ఉన్న రబ్బరు సీలు కూడా చూపించా, అది బాగానే ఉంది.

పెన్నా_గాలి (కడప)
అన్నా, నీది పరుపు సమస్య కాదు, కొలత సమస్య. మనమంతా కప్పు లేచి ఉన్నప్పుడు చూసి పరుపు కొంటాం, తల పైన ఇంత ఖాళీ ఉంది కదా అనిపిస్తుంది. పరుపు బతికేది మాత్రం కప్పు దిగినప్పుడు మిగిలే సందులో. ఆ సందు ఎంతో తెలియకుండా ఏ పరుపు కొన్నా గుడ్డిగా కొన్నట్టే.

కొలవడానికి టేపు పనికిరాదు, మూసేశాక లోపలికి చేయి పోదు. నేను చేసింది చెప్తా. ఇంట్లో రొట్టెలకు కలిపిన గోధుమపిండి ముద్దలు ఎనిమిది తీసుకున్నా, ఒక్కోటి పెద్ద నిమ్మకాయకు రెండింతలు, ప్లాస్టిక్ కవర్లో చుట్టి. పరుపు తీసేసి ఖాళీ చెక్క మీద నాలుగు మూలలా, మధ్యలో, అంచుల దగ్గర పెట్టి, కప్పు మామూలుగా ఎలా దించుతామో అలాగే దించి లాచ్ వేశా. మళ్ళీ తెరిస్తే ముద్దలు నలిగి ఉన్నాయి. ఒక్కోదాని మందం స్కేలుతో కొలిచి చెక్క మీదే పెన్సిల్‌తో రాసుకున్నా. మందం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. మడత బందుల వైపు తక్కువ ఉంటుంది, లైటు వైరు, పట్టీలు పోయిన చోట ఇంకా తక్కువ. ఆ అన్నిటిలో చిన్న అంకె ఏదో అదే నీ పరుపు మందం. సగటు తీయొద్దు. ముద్ద అసలు నలగకపోతే చిన్నదైందని అర్థం, ఇంకాస్త పెద్దది చేసి పెట్టాలి.

హాయిగా_నిద్ర
మెమరీ ఫోమ్ రెండు అంగుళాలది వేయండి, పల్చగా ఉన్నా ఒళ్ళు దిగి సుఖంగా ఉంటుంది. నేను బెంగళూరులో మా ఇంట్లో అదే వాడుతున్నా.

అనంత_బండి (అనంతపురం)
బెంగళూరు ఇంట్లో సరే సార్, మా అనంతపురంలో మే నెల ఎండకు ఫైబర్ కప్పు కింద అది నిలవదు. మెమరీ ఫోమ్ గుణమే వేడికి మెత్తబడటం, చలికి గట్టిపడటం. రోజంతా ఎండలో నిలబెట్టిన వ్యాన్‌లో రాత్రి పడుకుంటే ఒళ్ళు నేరుగా చెక్కకు దిగిపోతుంది, పైగా వీపు ఉడికిపోతుంది. డిసెంబరులో అదే పరుపు తెల్లవారుజామున బండలా ఉంటుంది. నేను వేసి, ఒక్క వేసవి చూసి తీసేశా.

మీరు అడగాల్సింది హెచ్‌ఆర్ ఫోమ్ (హై రెసిలియెన్స్, అంటే అదిమి వదిలితే వెంటనే పొంగే రకం), 40 డెన్సిటీ. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు ఉంటుందో ఆ లెక్క. అది ఎన్నాళ్ళు నిలుస్తుందో చెబుతుంది కానీ గట్టిదా మెత్తదా అన్నది చెప్పదు. 40 డెన్సిటీలో కూడా మెత్తది ఉంటుంది. పల్చటి పరుపుకు గట్టిది కావాలి, నడుము ఆనినప్పుడు అడుగు తాకకూడదు. షాపులో షీటు నేల మీద వేసి మోకాలు ఆనించి బరువు పెట్టి చూడండి, నేల తగిలితే వద్దు.

ఇంకో మాట. 40 అని బిల్లు రాసి 32 ఇచ్చేవాళ్ళు ఉన్నారు, కంటికి రెండూ ఒకటే. కాటా వేయించండి. మీ సైజు రెండు అంగుళాల మందంలో 40 డెన్సిటీ అయితే సుమారు 4.6 కిలోలు రావాలి. 3.7 దగ్గర ఆగితే అది 32.

ఆదోని_దూది (ఆదోని)
ఎవరూ దూది పరుపు మాట ఎత్తలేదేం? మాది పత్తి ఊరు. మా నాన్న, తాత పరుపులు కుట్టించి అమ్మినవాళ్ళే. దూది పరుపు వీపుకు చల్లన, చెమట పీలుస్తుంది, ఎండలో వేసి కర్రతో కొడితే మళ్ళీ పొంగుతుంది. కొన్నేళ్ళకు ఒకసారి విప్పి దూది ఏకించి మళ్ళీ కుట్టిస్తే కొత్తదే. ఫోమ్‌ను ఎవరు ఏకుతారు? గుంట పడితే చెత్తకుప్పకే.

అనంత_బండి (అనంతపురం)
దూది పరుపు మీద నాకూ ప్రేమే అన్నా, ఇంట్లో అదే. కానీ వ్యాన్ పైన వేయాలంటే రెండు చిక్కులున్నాయి. బరువు ఒకటి. రెండోది దూది కుదుపులకు ఒక పక్కకు పోగవుతుంది, మధ్యలో పల్చన, అంచున ముద్ద. ఆ ముద్ద దగ్గరే కప్పు ఆగిపోతుంది.

ఆదోని_దూది (ఆదోని)
కుట్టు దగ్గర దగ్గరగా వేస్తే పోగవదు తమ్ముడూ, జానెడు దూరానికో కుట్టు వేస్తేనే ముద్ద కడుతుంది. బరువు మాత్రం నిజమే, ఒప్పుకుంటా. అయితే ఒక పని చేయండి. కింద ఫోమే వేసుకోండి, పైన బొంత పరుచుకోండి. పాత నూలు చీరలు నాలుగైదు పొరలు వేసి కుట్టిన బొంత వేలెడు మందం కూడా ఉండదు, చుట్టి కింద సీటు వెనక పెట్టుకుని రాత్రి పైకి తీసుకెళ్తారు. ఫోమ్ వేడి వీపుకు తగలదు. ఉతుక్కోవచ్చు. మా సీమలో ప్రతి ఇంటి అటక మీదా ఒకటి ఉంటుంది, కొనాల్సిన పని కూడా లేదు.

పెన్నా_గాలి (కడప)
ఈ బొంత మాట నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు. కప్పు మూసేటప్పుడు లోపల ఉండేది వేరు, పడుకునేటప్పుడు ఒంటి కింద ఉండేది వేరు అని విడదీస్తే సగం చిక్కు తీరిపోతుంది.

కుట్టుమిషన్_అక్క (ప్రొద్దుటూరు)
నేను వ్యాన్ యజమానిని కాదు, సీటు కవర్లు, పరుపు కవర్లు కుడతాను, మూడు క్యాంపర్ వ్యాన్‌లకు పరుపు కవర్లు కుట్టాను. అందరూ మందం గురించే మాట్లాడుతున్నారు, అంచుల సంగతి ఎవరూ చెప్పలేదు.

కప్పు దిగేటప్పుడు కాన్వాసు గుడ్డ లోపలికి మడత పడుతుంది. ఆ మడత కూర్చోవడానికి పరుపు చుట్టూ చోటు కావాలి. పరుపు చెక్క అంచుదాకా నిండుగా ఉంటే గుడ్డ పరుపు మీదికెక్కి కప్పు కింద నలుగుతుంది, లేదా బయటికి తోసుకొచ్చి సీలు మధ్య ఇరుక్కుంటుంది. నా దగ్గరికి వచ్చిన ఒక వ్యాన్‌లో కాన్వాసు ఒకే గీతలో జానెడు పొడవున కోసుకుపోయింది, కత్తితో కోసినట్టు. పరుపు ఖరీదు కంటే ఆ గుడ్డ మార్చడానికే ఎక్కువైంది వాళ్ళకు. అందుకే ప్రక్కల రెండు వైపులా, వెనక వైపూ నాలుగైదు సెంటీమీటర్లు వదలండి, మూలలు గుండ్రంగా తిప్పండి.

అచ్చు తీసుకోవడానికి న్యూస్‌పేపర్లు టేపుతో అతికించి చెక్క మీద పరిచి, కాన్వాసు ఎక్కడిదాకా వస్తుందో ఒకసారి కప్పు దించి చూసి గీత గీసుకోండి. టేపు కొలతలు మాత్రమే తెచ్చి ఇస్తే నేను కుట్టను, పేపరు అచ్చు తెమ్మంటాను. రెండు మూలలు ఒకేలా ఉన్న వ్యాన్ ఒక్కటి కూడా చూడలేదు.

కవరు గుడ్డ నూలుదైతే కత్తిరించకముందే ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టండి. లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుని పరుపు పడవలా వంగుతుంది. జిప్పు పొడవు వైపు పెట్టించి రెండు మూలలు తిప్పించండి, లేకపోతే ఉతకడానికి తీసిన కవరు మళ్ళీ ఎక్కించలేరు. జిప్పు తల దాక్కునేందుకు చిన్న గుడ్డ జేబు కుట్టమనండి, ఆ ఇనుప ముక్క కాన్వాసును గీరకూడదు.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)
అక్కా, చాలా థాంక్స్. ఈ అంచుల సంగతి నాకు అసలు తెలియదు. పొద్దున్నే పోయి చూశా, ఎడమ వైపు కాన్వాసు మీద తెల్లగా అరిగిన గీత ఒకటి ఉంది, ఇంకా చిరగలేదు.

పిండి ముద్దల పని కూడా అయింది. మా పాపే ముద్దలు పెట్టింది, అంకెలు కూడా తనే రాసింది. ముందు వైపు 6.5 సెం.మీ., మధ్యలో 8, వెనక 9. ముందు కుడి మూల మాత్రం 5.8, అక్కడ లైటు వైరు మీద బిగించిన పట్టీ ఉంది. నేను వేసింది నాలుగు అంగుళాలు, అంటే పది సెంటీమీటర్లు! వెనక వైపు కూడా పట్టదు. మరి ఫోమ్ నలుగుతుంది కదా, ఏడు సెంటీమీటర్లది వేసి ఒక సెంటీమీటరు అదిమితే తప్పా?

లెక్కల_మాస్టారు (అనంతపురం)
తప్పే బాబూ. లెక్క చూడు. 190 × 120 అంటే 22,800 చదరపు సెంటీమీటర్లు. పరుపంతా నలిగి, ఆ ఫోమ్ ఒక్కో చదరపు సెంటీమీటరుకు పది గ్రాముల బలంతో పైకి తోసిందనుకో, అరచేయి ఆనించి మెల్లగా అదిమినంత కూడా కాదు అది. అయినా మొత్తం 228 కిలోలు. మూడు బస్తాల బియ్యానికి పైగా బరువు నీ కప్పును కింద నుంచి పైకి నెడుతున్నట్టు. ముందు మడత బందులు పోతే, వెనక దాన్ని పట్టుకుని ఉండేది రెండు లాచ్‌లే. దానికి తోడు హైవే మీద గాలి కప్పును పైకి లాగుతుంది. గతుకు తగిలినప్పుడల్లా అదే బలం స్క్రూల మీద కొట్టుకుంటుంది. నీ పది సెంటీమీటర్ల పరుపు ఎంత బలంతో తోసి ఉంటుందో ఊహించుకో. పరుపుకీ కప్పుకీ మధ్య ఎప్పుడూ కాస్త గాలి మిగలాలి. ఆనకూడదు.

పెన్నా_గాలి (కడప)
మాస్టారు చెప్పింది ప్రింటు తీసి వ్యాన్‌లో అంటించుకోవాలి. అన్నా, నీకు రెండు అంగుళాలే దారి, అంటే 5.1 సెం.మీ., కవరుతో కలిపి 5.3 అనుకో. 5.8 మూలకూ సరిపోతుంది.

మబ్బుల_దారి (కడప)
పాప పైన పడుకుంటుంది అన్నారు కదా. పరుపు మందం పెరిగిన కొద్దీ అడ్డంగా ఉండే పట్టీ ఎత్తు తగ్గుతుంది, దొర్లితే దాటి పడిపోతారు. కిందికి దిగే రంధ్రానికి వల కట్టండి. మాకు వల ఉంది, పిల్లలు పైకెక్కగానే హుక్కులు తగిలిస్తాం, అది లేకుండా లైటు ఆర్పం.

కొత్త_ప్రయాణం
నాకూ ఇలాంటి వ్యాన్ చేయించుకోవాలని ఉంది. పరుపు మారిస్తే ఆర్టీవోకు చెప్పాలా?

అనంత_బండి (అనంతపురం)
పరుపుకు అక్కర్లేదు. కప్పు కోసి పాప్-అప్ పెట్టడం మాత్రం వాహనం మార్పు కిందికి వస్తుంది, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52. ముందుగా అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. దాని మీద వేరే చర్చ పెట్టండి, ఇక్కడ పరుపు నడవనిద్దాం.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)
పని మొదలైంది. పాత బస్టాండు వైపు సీటు కవర్ల షాపుల్లో అడిగితే మొదటి షాపులో కాటా అనగానే ముఖం మార్చుకున్నారు. రెండో ఆయన తనే తెచ్చి పెట్టాడు. 6 అడుగులు × 3 అడుగుల నమూనా షీటు 3.4 కిలోలు తూగింది. లెక్క వేసుకుంటే సరిగ్గా 40. అదే రకంలో పెద్ద షీటు తెప్పించి పేపరు అచ్చు మీద కోయించా. ఆయన పల్చటి పొడవాటి కత్తికి రెండు వైపులా సబ్బు రాసి, అదమకుండా మెల్లగా లాగుతూ కోశాడు, అంచు గోడలా నిటారుగా వచ్చింది. అచ్చు కంటే ఒక అర సెంటీమీటరు పెద్దదిగా కోద్దాం, కవరులో బిగుతుగా కూర్చుంటుంది అని ఆయనే చెప్పాడు.

ఒక ముక్కగానా, రెండు ముక్కలుగానా? మా చెక్క వెనక నుంచి 120 సెం.మీ. దగ్గర మడత పడుతుంది, వ్యాన్‌లో నిలబడటానికి ఆ భాగం పైకి లేపుతాం.

కుట్టుమిషన్_అక్క (ప్రొద్దుటూరు)
చెక్క మడత దగ్గరే రెండు ముక్కలు. మీరు తల వెనక వైపు పెట్టుకుంటారు కాబట్టి ఆ అతుకు మోకాళ్ళ దగ్గరికి వస్తుంది, నడుము కిందికి రాదు, ఇబ్బంది ఉండదు. తల ముందు వైపు అయితే వద్దనేదాన్ని, 70 సెం.మీ. దగ్గర అతుకు అంటే వీపు కిందికి వస్తుంది. రెండు కవర్లనూ పై బట్ట దగ్గర ఒకే గుడ్డతో కలిపి కుట్టించండి, పుస్తకం అట్టలా మడత పడుతుంది, సందులోకి కాలు దిగదు. అడుగున వెల్‌క్రో ముక్కలు నాలుగు చాలు, చెక్క లేపినప్పుడు జారదు.

పెన్నా_గాలి (కడప)
తేమ సంగతి మర్చిపోకండి. మన దగ్గర వాన తక్కువే, అయినా చలికాలం రాత్రి ఇద్దరు ముగ్గురు లోపల ఊపిరి వదులుతూ పడుకుంటే ఆ తేమ అంతా చల్లటి చోట నీరు కడుతుంది. పరుపు కింద చెక్క చల్లగా ఉంటుంది, ఒంటి చెమట ఫోమ్ దాటి దిగి అక్కడ ఆగుతుంది. నా పాత పరుపు తీసినప్పుడు అడుగున నల్లటి చుక్కలు, పట్టుకుంటే ముక్కవాసన. బూజు. ఆ తర్వాత ప్లైవుడ్‌కు జానెడు దూరంలో అంగుళం రంధ్రాలు వేయించా, బందుల దగ్గర, అంచుల దగ్గర మాత్రం వేయకూడదు, బలం పోతుంది. రంధ్రాల లోపలి అంచుకు వార్నిష్ పూయాలి. పొద్దున లేవగానే పరుపు ఒక పక్క ఎత్తి అరగంట వదిలేస్తే చాలు, మన గాలికి ఇట్టే ఆరుతుంది.

కాన్వాసు తడిగా ఉన్నప్పుడు కప్పు మూయాల్సి వస్తే, ఇంటికి రాగానే మళ్ళీ తెరవండి. ఆ తడి గుడ్డ పడుకునేది పరుపు మీదే.

ఆదోని_దూది (ఆదోని)
ఫోమ్‌ను మాత్రం దూది పరుపులా ఎండలో వేయకండి. ఎండకు పసుపెక్కి పొడిలా రాలుతుంది. నీడలో గాలికి పెట్టండి. ఎండ అంతా బొంతకు పెట్టండి, దానికి ఎంత ఎండైనా మంచిదే.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)
ఆలస్యానికి క్షమించండి, అన్నీ అయ్యాకే రాద్దామని ఆగాను.

చెక్కకు రంధ్రాలు వేయించా, కవరు కుట్టించా, వల కట్టా. మూసినప్పుడు లాచ్‌లు ఒంటి చేత్తో పడుతున్నాయి, రెండు వేళ్ళతో. కాన్వాసు మడత పరుపు పక్కన పడుకుంటోంది, మీదికి ఎక్కడం లేదు. ఇంకా నమ్మకం చాలక పరుపు ఉండగానే దాని మీద మళ్ళీ చిన్న పిండి ముద్దలు పెట్టి మూసి చూశా. కుడి మూలలో అర సెంటీమీటరు మిగిలింది.

పోయిన శనివారం బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా జమ్మలమడుగు వెళ్ళి గండికోట చేరాం. దారి పొడవునా అద్దంలో కప్పు వెనక అంచు చూస్తూనే ఉన్నా, కోవెలకుంట్ల దగ్గర ఒకసారి ఆపి వేలు పెట్టి కూడా చూశా, సందు లేదు. ఈల చప్పుడు లేదు. రాత్రి లోయ వైపు నుంచి గాలి బాగా కొట్టింది, కాన్వాసు టపటపలాడింది. మా అత్తమ్మ కుట్టిన బొంత పైన పరిచాం, ఆవిడ పాత నీలం చీర అంచు ఇప్పటికీ దాని మీద కనబడుతుంది. నేను 74 కిలోలు, పక్కకు తిరిగి పడుకున్నా తుంటికి చెక్క తగల్లేదు. నాలుగు అంగుళాల పరుపు మీద ఉన్నంత మెత్తదనం లేదు, ఉన్నది చెప్పాలి కదా. చాప మీద పడుకునే అలవాటున్న నాకు ఇదే నచ్చింది.

మా ఆవిడ మొదట కిందే పడుకుంది. అర్ధరాత్రి దాటాక నిచ్చెన చప్పుడైతే పాప దిగుతోందేమో అని లేచి చూశా. ఆవిడే పైకి వస్తోంది, దిండు చంకలో పెట్టుకుని. పాపను మధ్యలోకి జరిపి అటు పక్క పడుకుంది, పొద్దున ఏడింటిదాకా లేవలేదు. 120 వెడల్పులో ముగ్గురం అంటే నాకు అంచు మీద జానెడే మిగిలింది.

అక్కా, అరిగిన కాన్వాసు గీత దగ్గర లోపలి నుంచి పట్టీ వేయించాలంటే ప్రొద్దుటూరు ఎప్పుడు తేవాలి?

కుట్టుమిషన్_అక్క (ప్రొద్దుటూరు)
బుధవారం తప్ప ఎప్పుడైనా తీసుకురా తమ్ముడూ. కాన్వాసు ఉతికి, బాగా ఆరబెట్టి తీసుకురా. మట్టి ఉంటే గమ్ పట్టదు.